బల్లార్షాల నాలుగు బీర్లు

2015 నుంచి 2021 దాకా మహారాష్ట్రల బల్లార్షా ఉన్న మా చంద్రపూర్ జిల్లాల మద్యనిషేధం. ఇప్పుడైతే మేం కొనే దుకాణంల గోధుమ బీరు సుత దొరుకుతుంది! మొన్న ఆదివారం నలుగురం డాబా మీద కూసొని రుచి చూసినం. గోధుమ బీరు మసక మసకగ, ధనియాలు, నారింజ తొక్క వాసనతోని ఉంది. మరీ చల్లగ ఉంటే ఆ వాసన తెల్వదు, పది నిమిషాలు ఆగి తాగాలె. నా ఓటు దీనికే. ఐపీఏ (ఇండియా పేల్ ఏల్) అనే బీరు కాకరకాయ లెక్క చేదు. అదంతా బీరుల చేదు కోసం ఏసే హాప్స్ పువ్వుల మహిమ. మా బావ ముఖం ముడిచి "గీనికన్న ఈతకల్లే నయం" అన్నడు గని, పల్లీలతోని నాకు మంచిగనే కుదిరింది. స్టౌట్ అనే నల్ల బీరు డికాషన్ తీరు, రెండు గుక్కలు చాలు. మామూలుగ దొరికే లాగర్ బీరుకు మాత్రం తడిసిన అట్టపెట్టె వాసన! పాత సరుకు, వేడిల పెట్టిండ్రేమో. సీసా మీద తారీఖు చూసి కొనుండ్రి.