తెల్లబడుతున్న అక్రోపోరా: నీరు సరిచేయాలా, కొనలు కోయాలా?
అక్రోపోరా అంటే ఉప్పునీటి అక్వేరియంలో పెంచే కొమ్మల పగడం. దాని కణజాలం నిలిచి రంగు మాత్రమే పోతే అది బ్లీచింగ్, దానికి కోత పనికిరాదు. కణజాలమే ఊడి అస్థిపంజరం బయటపడుతున్నప్పుడే ఈ ఎంపిక ఎదురవుతుంది.

నీరు సరిచేయడం: ఖర్చు టెస్ట్ కిట్లకే. లవణీయతను 35 పీపీటీ (వెయ్యి భాగాల్లో 35 భాగాల ఉప్పు), ఉష్ణోగ్రతను 25–26 డిగ్రీల దగ్గర నిలుపుతూ, ఆల్కలినిటీని, అంటే ఆమ్లాన్ని తట్టుకునే నీటి శక్తిని, రోజుకు 1 డీకేహెచ్ (దాని కొలమానం) మించకుండా మార్చాలి. తొందరపడి ఒక్కసారిగా పెంచితే, బలహీనపడిన పగడానికి అదే మరో దెబ్బ అవుతుంది.

కోత: పదునైన కటర్, జిగురు చాలు. తెల్లగీతకు, అంటే ఊడిన చోటికీ బతికిన కణజాలానికీ మధ్య హద్దుకు, పైన, ఆరోగ్యమైన భాగంలోనే కోసి వేరుగా అతికించాలి. ఏళ్లు పెంచిన ఆకృతి పోతుంది, అది నిజంగా బాధాకరం.

నష్టం వారాల తరబడి మెల్లగా పాకితే మొదటిది మేలు. గంటల్లోనే పైకి ఎగబాకితే ఆ రోజే కోయాలి, ఆపై నీటినీ పరీక్షించాలి.