ఎంపీ4/4 గొప్పదా, ఆర్‌బీ19 గొప్పదా?

అమలాపురంలో మా మేనల్లుడు గోడకి ఒక్క ఫార్ములా వన్ కారు బొమ్మే అంటిస్తాడట. "ఏది మావయ్యా?" అన్నాడు.

గెలుపుల లెక్కయితే 2023 రెడ్‌బుల్ ఆర్‌బీ19దే పైచేయి: 22 రేసుల్లో 21. 1988 మెక్‌లారెన్ ఎంపీ4/4కి 16లో 15. రెండింటి దగ్గరా మిగిలిన ఆ ఒక్కటీ ఫెరారీయే ఎగరేసుకుపోయింది.

రెడ్‌బుల్ కిటుకంతా అడుగున ఉంది. వాణ్ణి కాలవ లాకుల దగ్గరికి తీసుకెళ్లి చూపించాను. వెడల్పుగా నిదానంగా వచ్చే నీళ్లు ఇరుకులో పడగానే ఉరకలెత్తుతాయి. కారు కింద గాలీ అంతే. వేగం పెరిగి, ఒత్తిడి తగ్గి, బండి రోడ్డుకి అతుక్కుంటుంది.

మెక్‌లారెన్ బలం పొట్టితనం. డ్రైవరు పడక్కుర్చీలో వాలినట్టు ఉంటాడు, వెనకాల హోండా 1.5 లీటర్ల టర్బో ఇంజిన్.

నా ఓటు మెక్‌లారెన్‌కే. ఆర్‌బీ19లో డ్రైవరు వెర్‌స్టాపెన్ ఒక్కడే 19 గెలిచాడు. మెక్‌లారెన్‌లో గెలుపుల్ని ఇద్దరు డ్రైవర్లు పంచుకున్నారు: సెన్నా 8, ప్రోస్ట్ 7. జపాన్ రేసుదాకా వాళ్లిద్దరి మధ్యా టైటిల్ తేలలేదు.