నడుముకు కరెంటు: టెన్స్ మిషన్‌తో నాలుగేళ్ళు

నడుం నొప్పికి చర్మం మీద ప్యాడ్లు అంటించి నరాలకి సన్నగా కరెంటు పెట్టే ఈ టెన్స్ మిషన్‌ని, కొన్న మొదటి నెలంతా తప్పుగా వాడాను. పెట్టెలో ఇచ్చిన కాగితంలో ప్యాడ్లు ఎక్కడ అంటించాలో బొమ్మలున్నాయి కానీ, కరెంటు ఎంత పెట్టాలో, ఏ వేళప్పుడు పెట్టాలో ఒక్క ముక్క లేదు. రాత్రి అన్నాలయ్యాక మంచం మీద బోర్లా పడుకుని, చీమ పాకినంత సన్నగా పెట్టుకుని, సీరియల్ చూస్తూ నిద్రపోయేదాన్ని. పొద్దున్న లేస్తే నొప్పి ఎక్కడిది అక్కడే. రెండు వేలు బూడిదలో పోశానని మా ఆయనకి చెప్పకుండా నాలో నేనే తిట్టుకున్నాను.

నేను కాకినాడలో జూనియర్ కాలేజీ లెక్చరర్ని. రోజుకి నాలుగు క్లాసులు, నాలుగూ నిలబడే. 2019లో కుడి పిర్ర దగ్గర మొదలై పిక్క దాకా లాగడం పట్టుకుంది. ఎమ్మారైలో ఎల్4-ఎల్5, అంటే నడుములోని నాలుగో, ఐదో వెన్నుపూసల మధ్య మెత్తలాంటి డిస్కు ఉబ్బిందని వచ్చింది. ఆ రిపోర్టు చేతిలో పెట్టుకుని ఆటోలో ఏడ్చాను. నొప్పే లేని నలభై ఏళ్ళవాళ్ళకి స్కాన్ తీసినా సగం మందిలో ఇలాంటి ఉబ్బు కనిపిస్తుందని 2015లో అనేక పరిశోధనలను కలిపి లెక్కతేల్చారట. ఆ సంగతి అప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే ఆ ఏడుపు తప్పేది. డాక్టరుగారు ఆపరేషన్ అక్కర్లేదన్నారు, మాత్రలు, వ్యాయామాలు రాశారు. మాత్రలతో నడుము కాస్త ఊరుకుంది, కడుపు మంటెత్తింది. చివరికి 2021లో ఫిజియోథెరపీ మేడమే, "మా దగ్గర పెట్టే కరెంటు ఇంట్లో పెట్టుకునే చిన్న మిషన్ కూడా ఉంటుందండి, కొనుక్కోండి" అన్నారు.

అరచేతిలో పట్టేంత డబ్బా. రెండు ఛానెళ్ళు, ఒక్కోదానికి రెండు వైర్లు, వాటి చివర జిగురు ప్యాడ్లు, మొత్తం నాలుగు. మార్చుకోగలిగేవి మూడు: సెకనుకి ఎన్ని దెబ్బలు (దాన్నే హెర్ట్జ్ అంటారు), ఒక్కో దెబ్బ ఎంతసేపు, ఎంత గట్టిగా. ప్యాడ్లు వెన్నుపూస మీద కాకుండా దానికి అటూ ఇటూ రెండేసి వేళ్ళు వదిలి అంటించుకుంటాను.

ఇది నొప్పిని ఎలా తగ్గిస్తుందో అర్థమయ్యాకే నేను దాన్ని సరిగ్గా వాడటం నేర్చుకున్నాను, అందుకే ఆ సంగతి కొంచెం చెబుతాను. మోచెయ్యి బల్ల కోనకి తగిలితే మనం ఆలోచించకుండా చేసే పని ఆ చోట గట్టిగా రుద్దుకోవడం. రుద్దితే ఎందుకు తగ్గుతుంది? 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు పరిశోధకులు దీనికి జవాబు చెప్పారు. స్పర్శని మోసే నరాలు లావు, వాటిలో కబురు వేగంగా పోతుంది. నొప్పిని మోసేవి సన్నవి. అందులోనూ సలుపుని మోసేవి మరీ నెమ్మది, సెకనుకి రెండు మీటర్లు కూడా దాటవు. ఈ రెండు రకాల కబుర్లూ వెన్నుపాములో ఒక గుమ్మం దగ్గర కలుస్తాయి, స్పర్శ కబుర్లు దండిగా వస్తుంటే గుమ్మం ఇరుకై నొప్పినంతా లోపలికి రానివ్వదు అన్నది వాళ్ళ మాట. ఆ గుమ్మం లోపలి అమరిక వాళ్ళు గీసినట్టే లేదని తర్వాత తేలింది కానీ, వెన్నుపాములోనే నొప్పి హెచ్చుతగ్గులవుతుందన్న అసలు సంగతి నిలబడింది. రెండేళ్ళకి, 1967లో, వాల్ ఇంకో డాక్టరుతో కలిసి ముందు తమ నరాలకే కరెంటు పెట్టుకుని చూసుకుని, ఆ తర్వాత 8 మంది రోగుల మీద ప్రయత్నించాడు. నా డబ్బా ఆ ప్రయోగానికి మనవరాలు. ముత్తాతల్ని వెతికితే రోము దాకా పోవాలి. రెండు వేల ఏళ్ళ కిందట స్క్రిబోనియస్ లార్గస్ అనే వైద్యుడు కీళ్ళవాతం ఉన్నవాళ్ళని సముద్రపు ఒడ్డున షాక్ కొట్టే చేప మీద కాలు పెట్టి, మోకాలి దాకా తిమ్మిరెక్కే వరకు నిలబడమని రాశాడు.

మా అత్తయ్యగారికి ఇదంతా చెబితే, "రుద్దితే తగ్గుద్దని చెప్పడానికి ఇద్దరు డాక్టర్లెందుకే" అన్నారు. ఆవిడ చేతిలో ఎప్పుడూ అమృతాంజనం సీసా ఉంటుంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన మందు, మా ఇంట్లో నాలుగు తరాలుగా ఉంది. ఆవిడ రుద్దుడుతో గుమ్మం సగం మూసుకుంటుంది, అందులోని మెంథాల్ చలిని పసిగట్టే నరాలని తట్టి లేపుతుంది. కాబట్టి ఆవిడతో వాదించి లాభం లేదు.

నేను చేసిన తప్పు ఇప్పుడు తెలిసే ఉంటుంది. చీమ పాకినంత కరెంటుకి గుమ్మం కదలదు. గట్టిగా, స్పష్టంగా తెలియాలి, కానీ నొప్పి పుట్టకూడదు. ఆ హద్దు రోజూ ఒకేచోట ఉండదు. పది నిమిషాలకి చర్మం అలవాటుపడి కరెంటు సన్నగిల్లినట్టనిపిస్తే ఒక మెట్టు పెంచాలి. ఇంకో తప్పు పడుకుని పెట్టుకోవడం. ఆ తప్పుని పట్టిచ్చింది ఒక రూళ్ళ నోటుబుక్కు.

మేడమ్ మొదటిసారి "సున్నా నుంచి పదిలో ఎంతండి నొప్పి?" అన్నప్పుడు ఎనిమిది అన్నాను. రెండోసారీ ఎనిమిదే, మూడోసారీ ఎనిమిదే. తక్కువ చెబితే నా బాధ నమ్మరేమోనని భయం. ఆవిడ నవ్వి, అంకె ఒక్కటే కాదు, నొప్పి ఎలా ఉందో మీ మాటల్లో రాయండి, కూర్చున్నప్పుడు ఒక అంకె, నిలబడి పనిచేస్తున్నప్పుడు ఒక అంకె విడిగా వెయ్యండి అన్నారు. 1975లో మెల్జాక్ నొప్పిని కొలవడానికి 78 మాటలతో ఒక ప్రశ్నపత్రం తయారుచేశాడు, ఇంగ్లీషువాళ్ళ మాటలవి. నా పుస్తకంలో మన మాటలే రాసుకున్నాను: లాగుడు, గుంజుడు, పోటు, సలుపు, తీపు, మంట, జివ్వుమనడం, సూదులు గుచ్చినట్టు, తిమ్మిరి. రాస్తుంటే ఒకటి తేటగా కనిపించింది. నడుములో ఉన్నది తీపు, పిక్కలోకి దిగేది జివ్వుమనడం. మిషన్‌కి తీపు లొంగింది, జివ్వుమనడం అంతగా లొంగలేదు. అన్నీ కలిపి "నొప్పి" అంటే ఈ తేడా నాకే తెలిసేది కాదు.

అంకెల సంగతి ఇంకా ఆశ్చర్యం. కూర్చున్నప్పటి అంకె మిషన్‌కి ముందూ 3, తర్వాతా 3. నిలబడి గంట పాఠం చెప్పినప్పటి అంకె మాత్రం 6 నుంచి 4కి, కొన్ని రోజులు 3కి దిగేది. నొప్పి కొలతల్లో రెండు అంకెలు తగ్గితే అది రోగికి నిజంగా తెలిసే తగ్గుదల అంటారు. అంటే నేను నెల రోజులపాటు అవసరం లేని వేళలో పెట్టుకుని, అవసరమైన వేళ తీసి బీరువాలో పెట్టాను! అమెరికాలో ఫైబ్రోమయాల్జియా (ఒళ్ళంతా నొప్పులుండే జబ్బు) ఉన్న 301 మంది ఆడవాళ్ళతో 2020లో అచ్చయిన పరిశోధనలోనూ ఇలాగే, పనులు చేసుకుంటూ వాడమని చెప్పి, కదిలేటప్పటి నొప్పిని విడిగా కొలిచారు, అది తగ్గింది. అప్పట్నుంచి చీర కట్టు కింద ప్యాడ్లు, నడుముకి డబ్బా తగిలించుకుని క్లాసుకి వెళుతున్నాను. ఒకసారి వైరు బయటికి వేలాడితే వెనక బెంచీ పిల్లాడు "మేడమ్, ఛార్జింగా?" అన్నాడు.

ఆరు నెలలయ్యాక పట్టు తగ్గింది. ఇది మిషన్ లోపం కాదు. ఈ కరెంటు గుమ్మం మూయడంతో ఆగదు, ఒళ్ళు తనంతట తాను తయారుచేసుకునే నల్లమందు లాంటి పదార్థాల్ని కూడా విడుదల చేయిస్తుంది. రోజూ ఒకే తీరున పెడితే ఒళ్ళు దానికి అలవాటుపడుతుంది. ఎక్కువ దెబ్బల కరెంటు, తక్కువ దెబ్బల కరెంటు లోపల వేరువేరు దారుల్లో పనిచేస్తాయట. అందుకని ఒకరోజు 100 హెర్ట్జ్, ఒకరోజు 4 హెర్ట్జ్ పెడుతున్నాను, ఆదివారం సెలవు. 4లో కండ టకటకా కొట్టుకుంటుంది, క్లాసులో కుదరదు, ఇంట్లో వంట చేస్తూ పెట్టుకుంటాను.

ఇక ఫిర్యాదులు. మిషన్ ధర చూసి మోసపోకండి, అసలు ఖర్చు ప్యాడ్లది. కాకినాడ ఉక్కలో ఒక సెట్టు పాతికసార్లు వస్తే గొప్ప. జిగురు పోయినప్పుడు రెండు చుక్కల నీళ్ళు రాస్తే ఇంకో నాలుగైదుసార్లు లాగించవచ్చు. నాలుగేళ్ళలో ప్యాడ్లకి పోసిన డబ్బుతో ఇంకో మూడు మిషన్లు వచ్చేవి. చెమటకి ఒక అంచు లేచిందంటే కరెంటంతా మిగిలిన చోటే గుమికూడి కందిరీగ కుట్టినట్టు చురుక్కుమంటుంది. ఒకసారి పెట్టుకునే నిద్రపోతే రెండు చదరాలు ఎర్రగా కందిపోయి వారం దురద పెట్టాయి. వైరు డబ్బాలో చేరేచోట రెండుసార్లు తెగింది. అమ్మిన కంపెనీకి ఫోన్ చేస్తే వైరు విడిగా దొరకదు, మొత్తం కొనమన్నారు. మా వీధిలో రేడియోలు బాగుచేసే ఆయన ఇరవై రూపాయలకి అతికించాడు.

మా వదినగారు మోకాళ్ళకి ఒకసారి ఇమ్మన్నారు. ఆవిడకి పేస్‌మేకర్ ఉంది, ఇవ్వనన్నాను. రెండు నెలలు మాట్లాడలేదు. ఇప్పటికీ ఇవ్వను. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు డాక్టరు చెప్పకుండా దీని జోలికి పోకూడదు. గర్భిణులు పొట్ట మీద, ఎవరైనా సరే మెడ ముందువైపు, స్పర్శ తెలియని చోట, పుండున్న చోట పెట్టకూడదు. స్కూటరు నడుపుతూ అసలే వద్దు.

మా ఆయన మొదట్నుంచీ "అంతా నీ నమ్మకమే" అంటారు. తేల్చుకుందామని మా అబ్బాయి చేత నాకు తెలియకుండా వైరు పీకించి, డిస్‌ప్లే మాత్రం వెలిగేలా పెట్టించారు. ఒక్క సెకనులో కనిపెట్టేశాను. కరెంటు ఉందో లేదో ఒంటికి తెలిసిపోతుంది కదా! పరిశోధకులకి కూడా ఇదే చిక్కు, ఉత్తుత్తి మిషన్ ఇచ్చి పోల్చడం కష్టం. ఆ 301 మంది పరిశోధనలో ఉత్తుత్తి గుంపుకి కూడా ముందు కొన్ని సెకన్లు నిజం కరెంటిచ్చి, మెల్లగా సున్నాకి దించారు. ఇలాంటి చిక్కుల వల్లా, చాలా పరిశోధనలు చిన్నవి కావడం వల్లా పెద్దలింకా తేల్చలేదు. బ్రిటన్‌లో ఏ జబ్బుకి ఏ వైద్యం ఇవ్వాలో సూచించే నైస్ సంస్థ 2016లో నడుం నొప్పికి దీన్ని ఇవ్వొద్దనే చెప్పింది. అది చదివాక కూడా నేను మానలేదు. నా నడుము బాగయిందని కూడా అనను, పొద్దున్నే చేసే వ్యాయామాలు, సాయంత్రం నడక మానేసిన వారంలో ఈ డబ్బా ఒక్కటీ నన్ను నిలబెట్టలేదని నోటుబుక్కే చెబుతోంది. అది నాకిచ్చేది రోజుకి రెండు మూడు గంటలు, కుర్చీ వెతుక్కోకుండా బోర్డు దగ్గర నిలబడగలిగే గంటలు.

పోయిన నెల రెండో ఛానెల్ పూర్తిగా పోయింది, రేడియో ఆయన కూడా చేతులెత్తేశాడు. ఒక్క ఛానెల్‌తో నెట్టుకొస్తున్నాను. జీతం రాగానే కొత్తది కొంటాను. ఈసారి వైర్లు విడిగా దొరికేది, ప్యాడ్లు మా వీధి మందుల షాపులో దొరికే సైజుదీ చూసుకుని మరీ.