ఉద్దీపన, నిరోధాల తూకం: ఏ కొలత మేలు?

మెదడు కార్టెక్స్‌లోని నాడీకణాల్లో సుమారు 80 శాతం పొరుగు కణాలను ఉద్దీపింపజేసేవి, మిగిలినవి వాటిని అదుపులో ఉంచేవి. ఈ తూకం చెడడం కొన్ని రకాల ఆటిజానికి మూలం కావచ్చని 2003లో శాస్త్రవేత్తలు రూబెన్‌స్టైన్, మెర్జెనిచ్ ప్రతిపాదించారు. పుర్రె తెరవకుండా దాన్ని కొలిచే మార్గాల్లో మూడింటిని ఇక్కడ పోల్చి చూద్దాం.

అయస్కాంత క్షేత్రంతో కణజాలంలోని రసాయనాలను కొలిచే ఎంఆర్ స్పెక్ట్రోస్కోపీ, ఉద్దీపింపజేసే రసాయనం గ్లుటమేట్, నిరోధించే రసాయనం గాబాల పరిమాణాన్నే చెబుతుంది కాబట్టి సూటి కొలతలా కనిపిస్తుంది. అయితే మూడు సెంటీమీటర్ల ఘనమంత కణజాలం నుంచి, పలు నిమిషాల సగటుగా వచ్చే ఆ సంఖ్యలో కణాల లోపల నిల్వ ఉన్న గాబా కూడా కలిసే ఉంటుంది. నాడీకణాలు ఒకదానికొకటి సంకేతాలిచ్చే సినాప్సుల దగ్గర నిరోధం ఎంత బలంగా పనిచేస్తోందో అది చెప్పదు. పైగా గాబా సంకేతం క్రియాటిన్ అనే మరో రసాయనపు సంకేత శిఖరం కింద మరుగున పడుతుంది కనుక దాన్ని వేరుచేయడానికి ప్రత్యేక పద్ధతి కావాలి.

మెదడు పనిని రక్తంలోని మార్పుల ద్వారా చూపే స్కాన్ ఎఫ్ఎంఆర్ఐ దారి వేరు. విశ్రాంతిలో ఉన్న మెదడు నుంచి అది నమోదు చేసే బోల్డ్ సంకేతం తన గతాన్ని ఎంతసేపు నిలుపుకుంటుందో హర్స్ట్ ఘాతాంకం చెబుతుంది: 0.5 అంటే జ్ఞాపకం లేని రొద, 1కి దగ్గరైతే దీర్ఘ జ్ఞాపకం. ఉద్దీపన పెరిగితే ఈ విలువ తగ్గుతుందని గణిత నమూనాలు సూచించాయి. ఎలుకల కార్టెక్స్‌లో ఉద్దీపనను కృత్రిమంగా పెంచినప్పుడు అలాగే తగ్గిందని 2020లో వెలువడిన అధ్యయనం చూపింది. అదే అధ్యయనంలో నాడీకణాలను నిశ్శబ్దం చేసినప్పుడు మాత్రం అంత స్పష్టమైన మార్పు రాలేదు. కాబట్టి ఈ సూచికను రెండు వైపులా సమానంగా మొగ్గే తక్కెడగా వాడడం తొందరపాటే అవుతుంది. బోల్డ్ కొలిచేది రక్తంలోని ఆక్సిజన్ మార్పును. నాడీకణాలు చురుకయ్యాక అయిదారు సెకన్లకు గానీ శిఖరం చేరని ఆ సంకేతాన్ని వయసు, కెఫీన్, తల కదలిక కూడా మారుస్తాయి. అయినా మెదడంతటినీ, లోతైన భాగాలతో సహా, ఒకేసారి చూపగలగడం దీని గొప్ప బలం.

తలపై అమర్చిన ఎలక్ట్రోడ్లతో మెదడు విద్యుత్తును నమోదు చేసేది ఈఈజీ. పౌనఃపున్యం పెరిగేకొద్దీ ఆ సంకేతపు బలం ఎంత వేగంగా తగ్గుతుందో చెప్పే వర్ణపటపు వాలు నాడీ విద్యుత్తు నుంచే వస్తుంది, కనుక రక్తనాళాల బెడద లేదు. గాబా గ్రాహకాల పనిని, అంటే నిరోధాన్ని, పెంచే మత్తుమందు ప్రోపోఫాల్ ఇస్తే వాలు మరింత నిటారవుతుంది. లోతైన భాగాల విషయంలో మాత్రం ఇది బలహీనం.

ఒకే మనిషిలో మందు ఇవ్వకముందు, ఇచ్చిన తర్వాత మార్పు చూడాలంటే నా ఓటు ఈఈజీకే. ఏ ప్రాంతంలో తేడా ఉందో వెతకాలంటే ఎఫ్ఎంఆర్ఐ మేలు, కానీ తల కదలికను కట్టుదిట్టంగా సరిచేసి, తేడా దొరికిన చోట స్పెక్ట్రోస్కోపీతోనూ చూసుకున్నాకే ఉద్దీపన పెరిగిందని రాయాలి.