లారీ క్లచ్ లైన్‌కు లైన్ పానా: కొనాలా, ఎక్కడ వాడాలి?

మిర్యాలగూడ మిల్లుల బియ్యం, వాడపల్లి వైపు సిమెంటు మోసే లారీల కిందికి దూరితే క్లచ్ లైన్ (పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌కు ఆయిల్ తీసుకెళ్లే పైపు) నట్టు వెంటనే కంటికి ఆనదు. బ్రేక్ ఆయిల్ చెమ్మకు దుబ్బ అంటి, దాని మీద సిమెంటు పొడి గట్టిపడి ఉంటుంది. దానికి మామూలు డబుల్ ఎండ్ పానా వేసి గుంజితే నట్టు మూలలు అరిగిపోతాయి. ఆ తర్వాత గట్టిగా కరిచి పట్టే వైస్ గ్రిప్ పెట్టక తప్పదు, దాంతో నట్టుతో పాటు పైపు కూడా మెలిపడి పోతుంది. గేర్‌బాక్స్ దించే పని చేసే ప్రతి షెడ్డులో లైన్ పానాల సెట్టు ఒకటి ఉండాలని గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

లైన్ పానా అంటే రింగు పానాయే, ఒక పక్క పైపు దూరేంత సందు కోసి ఉంటుంది, అంతే తేడా. కానీ డబుల్ ఎండ్ పానా నట్టుకు ఎదురెదురు రెండు ముఖాలనే పట్టుకుంటే, ఇది ఐదు ముఖాలను పట్టుకుంటుంది. చిన్న బండ్ల లైన్లకు 10, 11, 12 మి.మీ. ఎక్కువగా పడతాయి. పెద్ద లారీలకు 14, 17, 19 కూడా కావాలి, కాబట్టి మీ దగ్గరికొచ్చే బండ్ల నట్లు కొలిచాకే సెట్టు ఎంచుకోండి. కొనేటప్పుడు కౌంటర్ మీదే ఒక కొత్త నట్టుకు తొడిగి ఊపి చూడండి. అటూ ఇటూ ఆడితే వద్దు. నాసిరకం పానా బిగువు మీద నోరు తెరుచుకుంటుంది, అప్పుడు మామూలు పానాకూ దీనికీ తేడా ఉండదు.

అయితే పానా తీసే ముందు, ఆ లైన్ అసలు విప్పాలా అని చూడాలి. స్లేవ్ సిలిండర్ (ఈ ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ను విడిపించేది) బెల్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పి ఉండే డొప్ప) బయట ఉన్న బండ్లలో చాలావాటికి అక్కర్లేదు. సిలిండర్ పట్టుకున్న బోల్టులు తీసి, పైపుతో సహా పక్కకు జరిపి, తీగతో ఛాసిస్‌కు కట్టేస్తే చాలు. ఆయిల్ కారదు, లైన్‌లో చేరిన గాలిని బయటికి పంపే పని, అంటే ఎయిర్ తీసే పని ఉండదు. సిలిండర్‌ను గొట్టం మీద వేలాడదీయొద్దు. అది బయట ఉన్నంతసేపు క్యాబిన్‌లో ఎవరూ పెడల్ తొక్కకూడదు, తొక్కితే పిస్టన్ బయటికి తన్నుకొస్తుంది. ఎయిర్ బూస్టర్ (గాలి ఒత్తిడితో క్లచ్ తొక్కడం తేలిక చేసేది) ఉన్న బండికి మొదట చక్రాలకు అడ్డం పెట్టి, ట్యాంకుల్లో గాలి పూర్తిగా వదిలాకే దాని ఎయిర్ పైపు ముట్టుకోవాలి.

స్లేవ్ సిలిండర్ గేర్‌బాక్స్ షాఫ్టు చుట్టూ లోపలే ఉంటే మాత్రం లైన్ విప్పక తప్పదు. వీటిలో కొన్నింటికి నట్టే ఉండదు, క్లిప్పుతో నిలిచే కప్లింగ్ ఉంటుంది. అక్కడ లైన్ పానాతో పని లేదు. క్లిప్పు మెల్లగా పైకి లేపి పైపు నిటారుగా గుంజాలి, వంచి గుంజితే ప్లాస్టిక్ విరుగుతుంది.

నట్టు ఉన్నచోట ముందు వైర్ బ్రష్‌తో సాఫ్ చేయాలి. తుప్పు వదిలే ఆయిల్ కొడితే నానాక బట్టతో పూర్తిగా తుడిచెయ్యండి, ఎందుకంటే మినరల్ ఆయిల్ లోపలికి పోతే సిలిండర్ రబ్బర్లు ఉబ్బి పాడవుతాయి. పానాను నట్టు మీద పూర్తిగా కూర్చోబెట్టి, గొట్టం వైపున్న ముఖాలను ఇంకో పానాతో పట్టుకుని తిప్పాలి. రెండో పానా పట్టకపోవడమే పైపు మెలిపడటానికి పెద్ద కారణం. ఊడగానే రెండు కొసలకూ రబ్బరు మూతలు పెట్టాలి. రిజర్వాయర్ మూత కింద పలుచటి పాలిథిన్ కాగితం వేసి బిగిస్తే ఆయిల్ కారడం బాగా తగ్గుతుంది. కారింది రంగు మీద పడితే రంగు లేస్తుంది, వెంటనే నీళ్లతో కడగండి.

ఇదంతా జాకీ మీద గేర్‌బాక్స్ వెనక్కి కదలకముందే అయిపోవాలి. లైన్ తగిలించి ఉండగానే వెనక్కి లాగితే గొట్టం లోపలి పొర చిరుగుతుంది, బయటికి ఏమీ కనబడదు. తర్వాత ఆయిల్ వెనక్కి రాక క్లచ్ సగం పట్టుకుని జారుతుంటే, కొత్త క్లచ్ ప్లేట్ మీద అనుమానపడతారు.

తిరిగి బిగించేటప్పుడు నట్టును మొదట చేత్తోనే ఎక్కించాలి. మొదటి చుట్టే పానాతో తిప్పితే మరలు అడ్డంగా పడతాయి. నట్టు బదులు బాంజో బోల్టు (నడుమ నుంచి ఆయిల్ పోయే బోలు బోల్టు) ఉంటే రెండు రాగి వాషర్లూ కొత్తవి వెయ్యండి. కారిన ఆయిల్ మళ్లీ పోయొద్దు. రిజర్వాయర్ మూత మీద రాసిన రకం బ్రేక్ ఆయిల్, డాట్ 3 లేదా డాట్ 4, సీలు విప్పని డబ్బాలోది వాడండి. ఎయిర్ తీస్తున్నంతసేపు రిజర్వాయర్ ఖాళీ కాకుండా ఒకరు చూసుకోవాలి. కొంచెం గాలి మిగిలినా పెడల్ తొక్కిన తొక్కు దాన్ని నొక్కడానికే సరిపోతుంది. ప్లేటు పూర్తిగా విడవదు, రివర్స్ వేస్తే గరగరమంటుంది.

ఈ సెట్టుకు ఉన్న లోపం ఒకటే: ఇప్పటికే మూలలు అరిగిన నట్టు మీద ఇది కూడా జారుతుంది. అలాంటిచోట నట్టుతో సహా పైపు మార్చుకోవడానికి సిద్ధపడ్డాకే పని మొదలుపెట్టండి.