ఇంట్లో స్టీలు ఫిల్టర్, సంచిలో ఏరోప్రెస్: హన్మకొండ నుంచి ఒక కాఫీ సమీక్ష

హన్మకొండలో ఏ చౌరస్తాలో నిలబడ్డా నాలుగడుగుల్లో చాయ్ దొరుకుతుంది. ఫిల్టర్ కాఫీకి అలా కుదరదు. టిఫిన్ సెంటర్లలో కాఫీ అడిగితే ఎక్కువచోట్ల పాలలో ఇన్‌స్టంట్ పొడి కలిపి ఇస్తారు. డికాక్షన్ రుచి మరిగినవాళ్లకు అది ఆనదు. అందుకే మా ఇంట్లో కాఫీ మేమే చేసుకుంటాం. ఉద్యోగం మీద మంచిర్యాల, ఆసిఫాబాద్, భూపాలపల్లి వైపు తిరుగుతుంటాను కాబట్టి నా సంచిలోనూ కాఫీ సరంజామా ఉంటుంది. ఇంట్లో స్టీలు ఫిల్టర్, బయట ఏరోప్రెస్ అనే చేత్తో నొక్కి కాఫీ దింపే గొట్టం. రెండూ ఏళ్ల తరబడి వాడుతున్నాను, రెండూ నాకు ఇష్టమే. అయితే కొత్తగా మొదలుపెట్టే వాళ్లు ఎవరైనా అడిగితే పరికరం పేరు తర్వాత చెప్తాను. ముందు మీ ఇంటి నీళ్లు ఎలా ఉన్నాయని అడుగుతాను.

మా వైపు చాలా ఇళ్లలో బోరు నీళ్లే. నాలుగు రోజులు వరుసగా కాస్తే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది. అది కాల్షియం, మెగ్నీషియం లవణాల పని. ఈ నీళ్లు పోస్తే ఖరీదైన అరబికా రకం కాఫీ పొడి కూడా మొద్దుగా, సుద్ద కలిసినట్టు ఉంటుంది. నీళ్లలోని బైకార్బొనేట్లు కాఫీలోని పులుపును అణిచేస్తాయి. అరబికా అందమంతా ఆ సన్నటి పులుపులోనే ఉంటుంది. పోనీ ఆర్‌ఓ నీళ్లు వాడదామంటే, లవణాలు మరీ తగ్గిపోయిన నీళ్లలోకి పొడి రుచి సరిగా దిగదు, కాఫీ చప్పబడుతుంది. కాఫీ రుచి చూసే నిపుణులు లీటరుకు దాదాపు 150 మిల్లీగ్రాముల టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) ఉన్న నీళ్లను మంచివిగా చెప్తారు. మేము మూడు వంతుల ఆర్‌ఓ నీళ్లలో ఒక వంతు నల్లా నీళ్లు కలుపుతాం. ధర్మసాగర్ రిజర్వాయర్ మీదుగా వచ్చే ఆ నీళ్లు మా బోరు నీళ్లంత కఠినంగా ఉండవు. క్లోరిన్ వాసన ఉంటుంది, కానీ రాత్రి మూత తీసిన బిందెలో ఉంచితే పొద్దుటికి చాలావరకు పోతుంది. టీడీఎస్ చూసే పెన్ను తక్కువ ధరకే వస్తుంది, ఒకటి కొని పెట్టుకోండి. నా కాఫీలో ఇంత తేడా తెచ్చిన వస్తువు ఇంకొకటి లేదు.

ఇక ఫిల్టర్. ఒకదాని మీద ఒకటి కూర్చునే రెండు గిన్నెలు అవి. పై గిన్నె అడుగున సన్నటి చిల్లులు, దానిలో వేసిన పొడి మీద ఆనించడానికి ఒక చిల్లుల పలక. పైన వేడినీళ్లు పోస్తే డికాక్షన్ కింది గిన్నెలోకి దిగుతుంది. స్టీలు ఫిల్టర్ మీద మూడు ఫిర్యాదులు తరచూ వింటాను: డికాక్షన్ దిగదు, పలచగా వస్తుంది, చల్లారిపోతుంది. మూడింటికీ మందు ఉంది.

ఇద్దరికి నేను 20 గ్రాముల పొడి, అంటే ఇంచుమించు మూడు నిండు చెంచాలు వేస్తాను. నీళ్లు 110 మిల్లీలీటర్లు. పొడి తన బరువుకు దాదాపు రెట్టింపు నీళ్లు పట్టేసుకుంటుంది కాబట్టి కిందికి 70 మిల్లీలీటర్లు దిగుతాయి. దానికి రెండింతల నుంచి రెండున్నర ఇంతల పాలు. ఈ లెక్క దాటి నీళ్లు పోస్తే పలచన కాక తప్పదు. పొడిని చదును చేసి పలకను మెల్లగా ఆనించాలి, గట్టిగా అదిమితే అసలు దిగదు. ముందు రెండు చెంచాల వేడినీళ్లు చల్లి అర నిమిషం ఆగితే పొడి పొంగి, లోపలి గాలి బయటికి పోతుంది. మిగతా నీళ్లు ఆ తర్వాత పోయాలి. పదిహేను, ఇరవై నిమిషాల్లో పని అయిపోతుంది.

చుక్క కూడా పడకపోతే పొడిని తిట్టుకునే ముందు పై గిన్నెను కొంచెం పైకి లేపి మళ్లీ పెట్టి చూడండి. రెండు గిన్నెలు మరీ బిగుసుకుని ఉంటే కింద గాలికి దారి ఉండదు, డికాక్షన్ పైనే ఆగిపోతుంది. అలా లేపినా దిగకపోతే చిల్లులు పూడినట్టే. ఖాళీ పై గిన్నెను పట్టకారుతో గ్యాస్ మంట మీద పట్టుకుంటే పూడుకున్న పొడి కాలి రాలిపోతుంది. చల్లారాక తోమేస్తే కొత్తదానిలా పనిచేస్తుంది. చల్లారిపోవడానికి మందు ఇంకా తేలిక. పొడి వేసే ముందు ఫిల్టర్‌ను వేడినీళ్లతో తొలిచి తుడవాలి, పాలు బాగా పొంగే వేడిలో ఉండాలి. డికాక్షన్‌ను మాత్రం పొయ్యి మీద పెట్టి మళ్లీ కాచొద్దు, చేదెక్కుతుంది.

ఇత్తడి ఫిల్టర్ కూడా మా దగ్గర ఉంది, కుంభకోణం నుంచి తెప్పించుకున్నాం. వేడి ఎక్కువసేపు నిలుస్తుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. పక్కనే పెంబర్తి ఉండి, అంత గొప్ప ఇత్తడి పనివాళ్లు ఉండి, కాఫీ ఫిల్టర్ కోసం తమిళనాడు దాకా చూడాల్సి రావడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. ఇత్తడికి లోపల కళాయి (తగరం పూత) తప్పనిసరి, కళాయి వేసేవాళ్లేమో అంతకంతకూ తగ్గిపోతున్నారు. రోజువారీ వాడకానికి స్టీలే తీసుకోండి.

పొడి విషయంలో నాది గట్టి అభిప్రాయం: వాడబోయే రెండు వారాలకు మించి కొనొద్దు. మేలో ఎండ 45 డిగ్రీల దాకా పోయే ఊరు మనది. మర పట్టిన పొడి వాసన డబ్బాలోనే ఆవిరైపోతుంది. ఫ్రిజ్‌లో పెడితే తేమ పడుతుంది. గాలి చొరని స్టీలు డబ్బాలో, పొయ్యికి దూరంగా ఉంటే చాలు. చికోరీ ఎంత కలవాలన్నది ఎవరి ఇష్టం వారిది. ప్యాకెట్ మీద శాతం రాసి ఉంటుంది, చూసి కొనండి. మన చట్టం ప్రకారం మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉంటే చాలు, అంటే దాదాపు సగం చికోరీ ఉన్న పొడి కూడా అమ్మొచ్చు. చికోరీ ఒక మొక్క వేరు, వేయించి పొడి చేస్తారు. దానిలో కెఫీన్ ఉండదు, రంగూ చిక్కదనమూ ఇస్తుంది. పాలు లేకుండా తాగేటప్పుడు నేను చికోరీ లేని అరకు అరబికా వాడతాను. అరకు లోయ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గిరిజన రైతులు నీడచెట్ల కింద, మిరియాల తీగల పక్కన పెంచే పంట అది, రుచిలో మృదువుగా ఉంటుంది. పాల కాఫీకి మాత్రం 80:20 మిశ్రమం. మా అత్తమ్మ జీవితమంతా చాయ్ తాగిన మనిషి. "చిక్కగ ఉంటెనే తాగుత బిడ్డా" అంటుంది. 20 శాతం చికోరీతో ఆమెకు సరిపోతుంది, నాకు కాఫీ వాసనా పోదు.

పాలు ముల్కనూర్ మహిళా డెయిరీ స్వకృషి పాలు తీసుకుంటాం, ఊరెళ్తే బర్రె పాలు. బర్రె పాలలో వెన్న ఎక్కువ కాబట్టి డికాక్షన్ కొంచెం పెంచాలి. పాలను ఒక్కసారే కాచి వాడాలి. పదే పదే కాస్తే మాడు వాసన వస్తుంది, దాన్ని ఏ డికాక్షనూ కప్పలేదు.

ఇప్పుడు ఏరోప్రెస్. అమెరికాలో అలన్ ఆడ్లర్ అనే ఇంజనీరు తయారుచేయగా 2005లో మార్కెట్లోకి వచ్చింది. పెద్ద సిరంజిలా ఉండే ప్లాస్టిక్ గొట్టం. అడుగున గుండ్రటి పేపర్ ఫిల్టర్ పెట్టి, పొడి వేసి, వేడినీళ్లు పోసి, కలిపి, పైనుంచి నొక్కితే కాఫీ గ్లాసులోకి దిగుతుంది. రెండు నిమిషాల పని. కిందపడినా పగలదు. అన్నిటికన్నా నాకు నచ్చింది శుభ్రం చేయడం: పిప్పి మొత్తం గట్టి బిళ్లగా ఊడి వస్తుంది, తుడిస్తే చాలు. నీళ్ల కుళాయి లేని చోట దీని విలువ తెలుస్తుంది. పాల కాఫీ కావాలంటే 18 గ్రాముల పొడికి 80 మిల్లీలీటర్ల నీళ్లు పోసి నిమిషంన్నర ఆగి నొక్కుతాను. రుచి బాగుంటుంది, కానీ ఫిల్టర్ డికాక్షన్ అంత బరువుగా ఉండదు, ఎందుకంటే కాఫీలోని నూనెను పేపర్ పట్టేస్తుంది. చికోరీ పొడి మరీ మెత్తన, దీనిలో వేస్తే నొక్కడానికి చేతులు నొప్పి పుడతాయి. పేపర్లు మన ఊళ్లో దుకాణాల్లో నాకు దొరకలేదు, ఆన్‌లైన్‌లోనే తెప్పించుకుంటాను. వాడాక ప్లంజర్‌ను, అంటే పైనుంచి నొక్కే భాగాన్ని, గొట్టంలో సగంలో వదిలేయకుండా పూర్తిగా చివరికి తోసి ఉంచాలి. లేదంటే రబ్బరు సీలు నొక్కుకుపోయి త్వరగా పాడవుతుంది.

ప్రయాణాల్లో అసలు టెన్షన్ వేడినీళ్లే. రైల్లో చార్జింగ్ సాకెట్‌కు కెటిల్ పెట్టడం నిషేధం, ప్రమాదం కూడా. కాజీపేటలో ఎక్కేటప్పుడు మంచి ఫ్లాస్క్ నిండా మరిగిన నీళ్లు తీసుకెళ్తాను. ఫ్లాస్క్‌ను ముందు వేడినీళ్లతో నింపి పారబోసి, మళ్లీ నింపితే మంచిర్యాల దాటినా వేడి సరిపోతుంది. పాలు మాత్రం ఫ్లాస్క్‌లో పొయ్యను. ఎండాకాలంలో గంటల తరబడి గోరువెచ్చగా ఉన్న పాలు విరుగుతాయి, ఫ్లాస్క్‌కు వాసనా పట్టుకుంటుంది. రోడ్డు మీదైతే ఇంకా సులువు. ఏ చాయ్ బండి దగ్గరైనా "అన్నా, జర వేడినీళ్లియ్యవా, పైసలిస్త" అంటే కాదన్నవాళ్లు తక్కువ. పాలు కూడా అక్కడే పోయించుకుంటాను.

మేడారం జాతరకు మాత్రం ఏరోప్రెస్ తీసుకెళ్లను. చెట్ల కింద మూడు రాళ్ల పొయ్యి పెట్టుకుని పదిమంది ఉంటారు, ఒక్కో గ్లాసుగా నొక్కుతూ కూర్చుంటే కుదరదు. పెద్ద స్టీలు ఫిల్టర్ ఒకసారి నింపితే అందరికీ సరిపోతుంది. కట్టెల పొగ తగిలిన పాలలో ఆ డికాక్షన్ కలిపితే వచ్చే రుచి ఇంట్లో ఎంత ప్రయత్నించినా రాదు.

పొయ్యి మీద పెట్టి ఆవిరి ఒత్తిడితో కాఫీ చేసే మోకా పాట్ కొన్నాళ్లు వాడి పక్కన పెట్టాను. కాఫీ ఘాటుగా బాగానే వస్తుంది, కానీ అల్యూమినియం రకం ఇండక్షన్ పొయ్యి మీద పనిచేయదు. ఇన్‌స్టంట్‌ను నేను చిన్నచూపు చూడను. గుంటూరు జిల్లా దుగ్గిరాలలో తయారయ్యే ఇన్‌స్టంట్ కాఫీ ఎన్నో దేశాలకు వెళ్తోంది. ఫ్రీజ్ డ్రై రకం (గడ్డకట్టించి ఆరబెట్టినది) చిన్న సీసా ఒకటి సంచిలో ఎప్పుడూ ఉంచుతాను.

గింజలు కొని చేత్తో తిప్పే గ్రైండర్‌లో మర పట్టుకుంటే కాఫీ ఎంత మారుతుందో చెప్పలేను. కానీ ఆన్‌లైన్‌లో కొన్న మొదటి గ్రైండర్ పిడి కొద్ది నెలలకే వదులైంది, అమ్మినవాళ్లు పలకలేదు. విడిభాగాలు దొరుకుతాయో లేదో చూసుకునే కొనండి. మిక్సీ జార్‌లో కొడితే సగం పిండి, సగం రవ్వ అవుతుంది. పిండిలోంచి చేదు దిగుతుంది, రవ్వలోంచి రుచే దిగదు. గ్రైండర్ కొనే ఆలోచన లేకపోతే తాజాగా మర పట్టి ఇచ్చే దుకాణంలో కొంచెం కొంచెంగా తెచ్చుకోవడమే మేలు.

లాడ్జిలో గదిలోని కెటిల్ వాడేవాళ్లు ముందు లోపల చూడండి. ముందున్నవాళ్లు దానిలో పాలో నూడుల్సో కాచి ఉంటారు. ఒక విడత నీళ్లు మరిగించి పారబోసి, వాసన పోయిందనుకున్నాకే కాఫీకి నీళ్లు పెట్టండి. పోకపోతే కింద చాయ్ బండి ఉండనే ఉంటుంది.