రోడ్డు బండికి రేసు గేర్‌బాక్స్: నా ఎస్టీమ్‌లో రెండు సెట్లు వాడాక

డాగ్ బాక్స్ (రేసు కార్లలో వాడే గేర్‌బాక్స్) వేయించుకోమంటావా అని గత నెలలో ముగ్గురు అడిగారు. ముగ్గురికీ విడివిడిగా ఫోన్లో చెప్పేకన్నా ఇక్కడ రాసేస్తే మేలనిపించింది. నా బండి 2002 మోడల్ మారుతి ఎస్టీమ్, 16 వాల్వుల 1298 సీసీ ఇంజన్, కంపెనీ లెక్క ప్రకారం 85 హార్స్‌పవర్. ట్రాక్ ఎక్కిన బండి కాదు. వారానికి నాలుగు రోజులు వైజాగ్‌లో మధురవాడ నుంచి గాజువాక ఆఫీసుకి, ఆదివారం వీలైతే భీమిలి, నెలకోసారి అరకు. నేను చెప్పేదంతా ఇలాంటి వాడకానికే, ర్యాలీలు ఆడేవాళ్ల సంగతి వేరు.

మొదట వేయించింది డాగ్ సెట్. పళ్లు స్ట్రెయిట్ కట్, అంటే ఏటవాలుగా కాక తిన్నగా కోసినవి; గేర్ మెత్తగా పడేలా చేసే సింక్రో రింగులు లేవు; క్లోజ్ రేషియో, అంటే గేర్‌కీ గేర్‌కీ మధ్య తేడా తక్కువ. ఏడు నెలలు వాడాను. ఘాట్‌లో అది ఎంత బాగుంటుందో ముందు చెప్పాలి, లేకపోతే అన్యాయం. ఎస్.కోట దాటి అనంతగిరి ఎక్కుతుంటే కంపెనీ బాక్సుతో నాకెప్పుడూ ఒకటే చిరాకు, రెండో గేర్లో ఇంజన్ అరుస్తుంది, మూడోది వేస్తే లాగదు. చిన్న కార్లలో మామూలుగా రెండో గేర్ రేషియో (బాక్స్ బయటి షాఫ్ట్ ఒక చుట్టు తిరగడానికి ఇంజన్ ఎన్ని చుట్లు తిరగాలో చెప్పే అంకె) 1.9, మూడోది 1.3 చుట్టూ ఉంటాయి కాబట్టి 6000 ఆర్‌పీఎం దగ్గర మారిస్తే సూది 4100కి పడిపోతుంది. ఈ సెట్‌లో అవి 2.0, 1.55. అంటే 4650 దగ్గర ఆగుతుంది, ఇంజన్ ఊపు తగ్గదు, మలుపు దాటగానే బండి మళ్లీ లాక్కెళ్లిపోతుంది. గాలికొండ దాకా లివర్ మీద నుంచి చెయ్యి తియ్యబుద్ధి కాలేదు.

సోమవారం ఆఫీసుకి బయల్దేరాక తెలిసింది అసలు సంగతి. ఈ సెట్‌లో మొదటి గేర్ 2.9, కంపెనీది 3.4 చుట్టూ ఉంటుంది. అంకెల్లో చిన్న తేడాలా ఉంటుంది గానీ, క్లచ్ పూర్తిగా వదిలేసి బండి నడపగలిగే కనీస వేగం పెరిగిపోతుంది. మద్దిలపాలెం దగ్గర, ఎన్‌ఏడీ దగ్గర ముందు సిటీ బస్సు ఇంచి ఇంచి కదులుతుంటే నేను మొత్తం హాఫ్ క్లచ్ మీదే. ఏడు నెలలకి క్లచ్ ప్లేట్ అయిపోయింది.

ఇంకోటి డాగ్ పళ్ల సంగతి. సింక్రో ఉన్న బాక్సులో ఇత్తడి రింగు ముందు రుద్దుకుని రెండు వైపుల వేగాన్నీ కలుపుతుంది, పళ్లు కలిసేది ఆ తర్వాతే. డాగ్ బాక్సులో ఆ రింగు ఉండదు, పెద్ద పెద్ద మొండి పళ్లు నేరుగా ఒకదాన్నొకటి పట్టుకోవాలి. అందుకే లివర్‌ని ఒక్క దెబ్బలో వేసెయ్యాలి, మెల్లగా తోశామా, అంచులు కొట్టుకుని గుండ్రంగా అరుగుతాయి. ట్రాఫిక్‌లో ప్రతిసారీ అంత గట్టిగా ఎవరు వెయ్యగలరు? ఆరో నెలకి ఎక్సలేటర్ వదలగానే రెండో గేర్ న్యూట్రల్‌కి జారిపోవడం మొదలైంది. ఆటోనగర్‌లో మేస్త్రీ ఆయిల్ దింపి డ్రెయిన్ ప్లగ్ నా చేతిలో పెట్టారు. మాగ్నెట్ చుట్టూ నల్లటి ముద్ద. గుడ్డతో తుడిస్తే అందులోంచి గోరు ముక్కంత ఉక్కు పెచ్చు బయటపడింది, ఒక అంచు నున్నగా, ఇంకో అంచు బ్లేడులా. "బాబూ, ఇది రోడ్డు మీద తిప్పే సామాను కాదు" అన్నారాయన. నాకు మాట రాలేదు.

చప్పుడు కూడా చిన్నది కాదు. కంపెనీ బాక్సులోని ఏటవాలు పళ్లు కొసనుంచి మెల్లగా కలుస్తాయి, స్ట్రెయిట్ కట్ పళ్లు వెడల్పు మొత్తం ఒక్కసారే తగులుతాయి, ఆ ఊళ అక్కడి నుంచే. సింహాచలం కొండెక్కుతుంటే అమ్మ కంగారుపడి "ఏదో విరిగిందిరా, ఆపు" అంది. స్ట్రెయిట్ కట్‌లో షాఫ్ట్‌ని పక్కకి నెట్టే బలం ఉండదు, బేరింగుల మీద భారం తక్కువ, పవర్ ఎక్కువున్న బండికి అది పెద్ద లాభమే. 85 హార్స్‌పవర్‌కి ఆ లాభంతో పనేముంది?

ఇప్పుడున్నది రెండో సెట్. ఏటవాలు పళ్లే, సింక్రోలున్నాయి. మొదటి గేర్, ఐదో గేర్ కంపెనీవే ఉంచి, రెండు, మూడు, నాలుగు మాత్రం దగ్గర చేయించాను. పదకొండు నెలలైంది. గాజువాక ట్రాఫిక్‌లో మామూలు ఎస్టీమే, అనంతగిరి మలుపుల్లో డాగ్ సెట్‌తో దొరికిన సంతోషంలో ముప్పాతిక వంతు దొరుకుతోంది. లోపం లేదనను. మొదటి గేర్ నుంచి రెండోదానికి తేడా పెద్దదే, సిగ్నల్ దగ్గర గట్టిగా లాగితే ఆ గుంట తెలుస్తుంది. డిసెంబర్‌లో అరకులో తెల్లవారుజామున ఆయిల్ వేడెక్కేదాకా రెండోది కాస్త మొరాయిస్తుంది. గేర్ ఆయిల్ డబ్బా మీద జీఎల్-4 అనే గ్రేడు ఉందని మీరే దగ్గరుండి చూసి పోయించండి. ఒక షెడ్డులో అడక్కుండా జీఎల్-5 పోశారు, వారం తిరక్కుండానే గేర్లు కరకరమన్నాయి. చాలా జీఎల్-5 ఆయిళ్లలో కలిపే గంధకం మందులు ఇత్తడికి పడవు, జారుడు కూడా ఎక్కువై సింక్రో పట్టుకోదు.

సీక్వెన్షియల్ (గేర్లు వరస తప్పకుండా ఒకదాని తర్వాత ఒకటే పడే బాక్స్) గురించి అడిగిన తమ్ముడికి: రోడ్డుకి వద్దు. నాలుగో గేర్లో వెళ్తూ సడన్‌గా ఆగాల్సొస్తే మూడు, రెండు అన్నీ వరసగా దిగితేగానీ మొదటిది రాదు.

ఏ సెట్ కొన్నా బాక్స్ దింపినప్పుడే క్లచ్ ప్లేట్, రిలీజ్ బేరింగ్, ఆయిల్ సీళ్లు మార్పించేయండి, రెండుసార్లు దింపించి రెండుసార్లు కూలీ కట్టినవాణ్ణి చెబుతున్నా. నా డాగ్ సెట్‌లో రెండో గేర్ పోయింది గానీ మూడు, నాలుగు బాగున్నాయి. ఆటోక్రాస్ (టైమ్ చూసి ఆడే కారు పోటీ) ఆడేవాళ్లు ఎవరైనా ఉంటే మధురవాడ వచ్చి పళ్లు చూసుకుని పట్టుకెళ్లండి.